ఖాతా లేనివాళ్ల చేతిలో చెక్కు: కౌంటర్ వెనక నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

కరీంనగర్ వైపు బ్రాంచీల్లో ఇరవై ఏళ్లకు పైగా క్యాష్ కౌంటర్‌లో కూర్చున్నాను. "సారూ, నాకు ఖాతా లేదు, పైసలిస్తరా?" అంటూ చెక్కును అద్దం కింది సందులోంచి తోసేవాళ్లు వారానికి నలుగురైనా వస్తారు. నేను మనిషి ముఖం కంటే ముందు చెక్కు ఎడమ మూల చూస్తాను, అక్కడ రెండు గీతలున్నాయా అని. ఉంటే చేతికి నగదు రాదు, ఖాతాలోకే పోవాలి. తర్వాత పేరు రాసే లైను చివర అచ్చేసి ఉండే ‘ఆర్ బేరర్’ (లేదా తెచ్చినవారికి) అన్న మాట కొట్టేసి ఉందా అని. సగం జవాబు ఆ రెండు చోట్లే దొరుకుతుంది.

అపోహ: ఖాతా లేనివాడికి చెక్కు చిత్తుకాగితంతో సమానం.

కాదు. గీతలు లేవు, ‘ఆర్ బేరర్’ కొట్టేయలేదు అంటే అది బేరర్ చెక్కు. కౌంటర్‌లోనే నగదు తీసుకోవచ్చు. వెనక సంతకమో వేలిముద్రో పెట్టించుకుంటాం. మొత్తం కాస్త పెద్దదైతే ఆధార్ అడుగుతాం, ఒక్కోసారి చెక్కు రాసినాయనకు ఫోన్ చేసి కనుక్కుంటాం. దానికి నొచ్చుకోకండి. అనుమానం మీ మీద కాదు, కాగితం మీద.

అపోహ: దగ్గర్లో ఏ బ్యాంకు ఉంటే అందులో మార్చుకోవచ్చు.

చెక్కు మీద ఏ బ్యాంకు పేరుంటే అక్కడే నగదు. వేరే బ్యాంకువాళ్లు దాన్ని తమ ఖాతాదారు కోసం క్లియరింగ్‌కు, అంటే ఆ బ్యాంకు నుంచి వసూలుకు పంపుతారు తప్ప చేతికి డబ్బివ్వరు. అదే బ్యాంకు వేరే శాఖలో కోర్ బ్యాంకింగ్ (శాఖలన్నిటినీ కలిపే కంప్యూటర్ వ్యవస్థ) వచ్చాక ఇస్తున్నారు గానీ, బయటి మనిషికి ఎంతవరకు ఇవ్వాలన్నదానికి ఒక్కో బ్యాంకుదీ ఒక్కో పరిమితి. బస్సెక్కే ముందు చెక్కు పైన శాఖ పేరు చదువుకుని నేరుగా అక్కడికే పోతే ఒక తిరుగుడు తప్పుతుంది.

అపోహ: నా పేరు రాసి ఉంది కదా, పోయినా ఇంకెవరూ తీసుకోలేరు.

అన్నిటికంటే ఎక్కువ ముంచేది ఇదే. బేరర్ చెక్కు మీద పేరున్నా లేకపోయినా తెచ్చినవాడిదే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 85వ సెక్షన్ ప్రకారం, తెచ్చినవాడికి బ్యాంకు సక్రమంగా చెల్లిస్తే దాని బాధ్యత తీరిపోయినట్టే. కాబట్టి చెక్కు పోతే ముందు మా దగ్గరికి పరుగెత్తకండి, రాసినాయనకు ఫోన్ చేయండి. చెల్లింపు ఆపమని చెప్పే హక్కు ఆయనదే. మీరు కౌంటర్ ముందు ఏడ్చినా మేం ఆపలేం.

అపోహ: ‘బేరర్’ కొట్టేస్తే ఇక ఖాతా ఉండాల్సిందే.

కొట్టేస్తే అది ఆర్డర్ చెక్కు అవుతుంది, అంతే. గీతలు లేకపోతే దానికీ నగదు ఇస్తాం. కాకపోతే పేరున్న మనిషి తనే అని రుజువు చూపాలి. తెలంగాణ రైతులకు ఇది కొత్తేమీ కాదు. 2018 మేలో రైతుబంధు మొదటి విడత, ఎకరానికి 4,000 చొప్పున, వచ్చింది ఆర్డర్ చెక్కులుగానే. ఖాతాలో పడితే పాత బాకీ కింద జమకట్టుకుంటారేమోనని రైతుల భయం. చెక్కు, పట్టాదారు పాసు పుస్తకం పట్టుకుని పొద్దున్నే బ్రాంచి మెట్ల మీద వరసగా కూర్చునేవారు.

ఆర్డర్ చెక్కులో అసలు తలనొప్పి పేరు. చెక్కు మీద పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. ఒకచోట ‘అయ్య’ ఉంటుంది, ఇంకోచోట ఉండదు. ఊరంతా చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచే మనిషికి మేస్త్రీ ఆ పేరుతోనే చెక్కు రాసేస్తాడు. మనిషి నిజమని నాకు తెలుస్తూనే ఉంటుంది, ఇవ్వడానికి చెయ్యి రాదు. చెక్కు చేతికి తీసుకునేటప్పుడే ఆధార్ పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చుకోండి.

అపోహ: గీతల మధ్య ‘అకౌంట్ పేయీ’ అని రాసిన చెక్కు వెనక సంతకం పెట్టి బావమరిది ఖాతాలో వేయించుకోవచ్చు.

కుదరదు. పేరున్నవారి ఖాతాలోకే పోవాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఉన్న వెసులుబాటల్లా సహకార పరపతి సంఘాలకు. సభ్యుడి పేరున 50,000 దాకా ఉన్న చెక్కును సంఘం ఖాతాలో వేసుకోవచ్చు. "నేను మార్చిపెడతా, నూటికి ఐదు ఇయ్యి" అనే పెద్దమనిషి మీ ఊళ్లో ఉంటే ఆయనకు దండం పెట్టి ఖాతా తెరవండి. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల గడువుంటుంది, ఖాతాకు అంత కాలం పట్టదు. బేసిక్ సేవింగ్స్ ఖాతాలో కనీస నిల్వ ఉంచక్కర్లేదు. గుర్తింపు కాగితాలేవీ లేనివాళ్లకు ఫొటో, బ్యాంకు అధికారి ఎదుట సంతకం లేదా వేలిముద్రతో ‘చిన్న ఖాతా’ ఇస్తారు. అందులో ఒక మెలిక ఉంది. నిల్వ ఎప్పుడూ 50,000 దాటకూడదు, ఏడాదిలో జమ లక్ష దాటకూడదు, నెలకు తీసేది 10,000 దాటకూడదు. అంటే 80,000 చెక్కు అందులో పట్టదు. ఆధార్ ఉంటే ఈ చిన్న ఖాతా జోలికే పోవద్దు.

అపోహ: తెలుగులో రాసిన చెక్కు చెల్లదు.

చెల్లుతుంది.

అపోహ: డబ్బుండీ బ్యాంకు ఇవ్వకపోతే బ్యాంకు మీద కేసు పెట్టొచ్చు.

బ్యాంకు జవాబు చెప్పాల్సింది తన ఖాతాదారుకు, చెక్కు తెచ్చినవారికి కాదు. ఖాతాలో డబ్బు లేక తిప్పిపంపితే మాత్రం మీ దారి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్కు రాసినాయన మీద కేసు. ఖాతా లేనివాళ్లకూ ఆ హక్కుంది. చాలామంది చేసే తప్పు, కౌంటర్‌లో "డబ్బుల్లేవమ్మా" అనగానే చెక్కు మడిచి రవికలోనో జేబులోనో పెట్టుకుని వెళ్లిపోవడం. కారణం రాసిన రిటర్న్ మెమో అడిగి తీసుకోండి. సమాచారం అందిన 30 రోజుల్లో రాసినాయనకు నోటీసు పంపాలి. అందుకున్నాక ఆయనకు 15 రోజులు. అప్పటికీ ఇవ్వకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి.

అపోహ: గీతలు గీసుకుంటే భద్రం, అవసరమైతే కొట్టేసుకోవచ్చు.

గీతలు చెక్కు అందుకున్నవాళ్లు కూడా గీయవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. తీయడం మాత్రం రాసినాయన చేతిలోనే ఉంది. ‘పే క్యాష్’ అని రాసి పూర్తి సంతకం పెట్టాలి. ఆ గొడవ ఎందుకని మేం కొత్త చెక్కు రాయించుకు రమ్మంటాం. ఒకసారి ఒక అవ్వ కూలి డబ్బుల చెక్కు తెచ్చింది, 6,400. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, మూలన స్కేలు పెట్టి గీసినట్టు రెండు నీలం గీతలు తప్ప. చెక్కు రాసిన సిరా నలుపు. "మనవడు గీసిండు సారూ, ఎవ్వలు ఎత్కపోకుండ అని," అంది. పదో తరగతి పిల్లాడు, బడిలో విన్నాడట. ఖాతా లేదు, గీతలున్న చెక్కుకు నగదు రాదు. మేస్త్రీ దగ్గరికి పంపించాను. మూడో రోజు కొత్త చెక్కుతో వచ్చింది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంటూ చెప్పింది: "ఈసారి వానికి చూపియ్యనే లేదు."