గాలి జాకెట్టూ, డెబ్బై క్రికెట్ బంతులూ

మా మేనల్లుడికి హైదరాబాదులో ఉద్యోగం. శని, ఆదివారాలు వస్తే శ్రీశైలమో అరకో బైకు మీద బయలుదేరతాడు. మొన్న ఫోన్ చేసి, "మామయ్యా, ఎయిర్‌బ్యాగ్ జాకెట్ కొందామనుకుంటున్నా, నిజంగా పనికొస్తుందా లేక డబ్బున్నవాళ్ల సోకా? ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. బైకు మీంచి పడుతుండగానే లోపలి సంచిలో గాలి నిండి ఒంటిని కాచే జాకెట్ అది. ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ పాఠాలు చెప్పినవాణ్ణి ఒక్క ముక్కలో చెప్పమంటే ఎలా? అరగంట చెప్పాను. ఫోన్ పెట్టేశాక కూడా బుర్రలో ఆ లెక్కలే తిరుగుతున్నాయి, అందుకే ఇది రాస్తున్నాను.

వాడికి ఈ పిచ్చి పట్టింది 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మోటోజీపీ అనే ప్రపంచ స్థాయి బైకు పందెం జరిగినప్పుడు. ఆ పందేల్లో 2018 నుంచి ఎయిర్‌బ్యాగ్ ఉన్న సూటు తప్పనిసరి. బైకు జారి మనిషి దొర్లుకుంటూ పోవడం, లేచి నిలబడి దుమ్ము దులుపుకుని విసుగ్గా నడిచిపోవడం టీవీలో చూస్తే ఎవరికైనా అనిపిస్తుంది, ఆ సూటేదో మనకీ ఉంటే బావుండునని. వాళ్లు లేచి నడవడానికి సూటు ఒక్కటే కారణం కాదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు క్రికెట్ బంతి. తొమ్మిదో తరగతి పుస్తకంలో ప్రచోదనం (ఇంపల్స్) పాఠం దగ్గర, క్యాచ్ పట్టేవాడు చేతులు వెనక్కి ఎందుకు లాగుతాడు అనే ప్రశ్న ఉంటుంది. పిల్లలు జవాబు బట్టీ పడతారు, రెండు మార్కులు వస్తాయి, అక్కడితో సరి. చేతులు ఎన్ని సెంటీమీటర్లు లాగితే దెబ్బ ఎంత తగ్గుతుందని అడిగిన పిల్లవాణ్ణి నా సర్వీసులో నేను చూడలేదు. అడగాల్సిన ప్రశ్న అదే. బంతి బరువు సుమారు 160 గ్రాములు. గంటకి 90 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకి 25 మీటర్లతో వస్తుంటే దాని గతిశక్తి సరిగ్గా 50 జౌళ్లు. చెయ్యి బిగబట్టి 2 సెంటీమీటర్లలో ఆపితే అరచేతి మీద సగటున 2,500 న్యూటన్ల బలం పడుతుంది, పావు టన్ను బరువన్నమాట. అదే చేతుల్ని 25 సెంటీమీటర్లు వెనక్కి లాగుతూ ఆపితే 200 న్యూటన్లు, ఇరవై కిలోలు. బంతి అదే, వేగం అదే, మారినదల్లా ఆగడానికి ఇచ్చిన దూరం. హెల్మెట్, పరుపు, గడ్డివాము, ఎయిర్‌బ్యాగ్, అన్నీ అమ్మేది ఆ దూరాన్నే. మనం కొనుక్కునేది సెంటీమీటర్లు.

ఈ 50 జౌళ్ల అంకె ఊరికే ఎంచుకోలేదు. బైకు మీద వేసుకునే రక్షణ సామగ్రికి యూరప్ వాళ్ల ప్రమాణం ఒకటి ఉంది, ఈఎన్ 1621 అంటారు. అందులో 5 కిలోల ఇనుప దిమ్మని ఒక మీటరు ఎత్తు నుంచి పడేస్తారు, లెక్క కడితే అదీ దాదాపు 50 జౌళ్లే. అంటే ఒక క్రికెట్ బంతి. మామూలు జాకెట్ల వీపులో పెట్టే ఫోమ్ పలక మొదటి స్థాయి పాసవ్వాలంటే అవతలికి దిగే గరిష్ఠ బలం, కొన్ని దెబ్బల సగటున, 18 కిలోన్యూటన్లు దాటకూడదు, రెండో స్థాయికి 9. గాలి సంచులకి మాత్రం మొదటి స్థాయే 4.5, రెండో స్థాయి 2.5. దెబ్బ ఒకటే అయినా అడిగేది ఇంత తక్కువ! ఎందుకంటే గాలి సంచికి మందం ఉంది. ఒక దెబ్బ మొదలై ఆగేదాకా పడే సగటు బలం ఆ గరిష్ఠంలో సగం అనుకుందాం. 18 కిలోన్యూటన్లంటే ఫోమ్ పలకలో ఆ దిమ్మ అర సెంటీమీటరు చిల్లర మాత్రమే దిగి ఆగింది. 2.5 అంటే 4 సెంటీమీటర్లు దిగింది. తేడా అంతా అక్కడుంది. దీనికి తోడు, గాలి సంచిని ఒకచోట గుద్దితే ఆ ఒత్తిడి సంచి అంతటా సమానంగా పరుచుకుంటుంది, పాస్కల్ చెప్పిన సంగతే. రాయి మొన పక్కటెముక ఒక్కదాని మీద కాకుండా వీపంతటి మీదా మోపవుతుంది. ఫోమ్ ఆ పని ఇంత బాగా చెయ్యలేదు.

ఇంతవరకు చదివి కార్డు తీసి కొనేయకండి. ఆ ప్రమాణంలోది ఒక్క బంతి. మనిషో?

70 కిలోల మనిషి గంటకి 36 కిలోమీటర్ల వేగంలో ఉంటే అతని గతిశక్తి 3,500 జౌళ్లు. డెబ్బై బంతులు ఒకేసారి. కిలోకి ఒక బంతి చొప్పున వచ్చింది, గుర్తు పెట్టుకోవడానికి తేలిక. వేగం 72 చేస్తే 280 బంతులు, ఎందుకంటే వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు. ఇప్పుడు సంచి ఎన్ని బంతులు మింగగలదో చూద్దాం. ఉజ్జాయింపుగా లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే అర అట్మాస్ఫియర్ ఎక్కువనీ, వీపు మోపైన వైశాల్యం చదరపు మీటరులో పదో వంతు అనీ అనుకుంటే, సంచి ఎదురు తోసే బలం 5,000 న్యూటన్లు. 5 సెంటీమీటర్ల మందమంతా నలిగేలోపు అది మింగే శక్తి 250 జౌళ్లు. ఐదు బంతులు. నలిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఇంకో రెండు మూడు వేసుకోండి. డెబ్బైలో ఏడెనిమిది!

మరైతే ఇది దండగేనా అని వాడు ఫోన్లోనే నీరుగారిపోయాడు. కాదురా, పడటం వేరు, గుద్దుకోవడం వేరు అన్నాను. బైకు మీంచి పడినప్పుడు నీ వేగం రెండు ముక్కలు. కిందికి పడే వేగం ఒకటి, ముందుకి పోయే వేగం ఒకటి. కిందికి పడేది సీటు ఎత్తుని బట్టి ఉంటుంది, బైకు 40లో ఉన్నా 140లో ఉన్నా దానికి సంబంధం లేదు. ఒక మీటరు ఎత్తు నుంచి 70 కిలోలు పడితే 686 జౌళ్లు, అంటే పద్నాలుగు బంతులు. అందులో మొండెం వాటా సగం అనుకుంటే ఏడు. సంచి మింగగలిగింది కూడా దాదాపు అంతే! వెన్నెముక, పక్కటెముకలు, భుజాలు నేలకి తగిలే ఆ మొదటి దెబ్బకి ఈ జాకెట్ కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. ఇక ముందుకి పోయే డెబ్బై బంతులు రోడ్డు మీద జారుతూ ఖర్చవుతాయి. ఘర్షణ గుణకం 0.6 అనుకుంటే 36 వేగంలో ఎనిమిది మీటర్లు జారి ఆగుతావు, ఎనిమిది మీటర్ల పొడవునా ఖర్చయ్యేసరికి ఒంటి మీద పడేది నలభై కిలోల బలమే. అక్కడ కావాల్సింది తోలో, మందపాటి అల్లికో, చేతులకి గ్లవ్స్. గాలి కాదు.

72లో పడితే జారేది 33 మీటర్లు. పందేల మైదానంలో ఆ 33 మీటర్లూ, కావాలంటే ఇంకో వందా ఖాళీగా ఉంటాయి, కంకర పోసి ఉంచుతారు. అసలు ఎయిర్‌బ్యాగ్ ఆ మైదానమే. మన హైవే మీద ఆ 33 మీటర్లలో ఏమేం ఉంటాయో చెప్పనక్కర్లేదు: డివైడరు, కరెంటు స్తంభం, మైలురాయి, పార్కింగ్ లైట్లు వెయ్యకుండా ఆపిన లారీ. 2021లో ఇటలీలోని ముజెల్లో ట్రాక్ మీద పడ్డ పందొమ్మిదేళ్ల రేసర్ జేసన్ డుపాస్కియే మర్నాడు ఆసుపత్రిలో చనిపోయాడు. ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరైన పోటీయే అది. కింద పడ్డాక వెనకొస్తున్న బైకు తగిలింది. వెనకొచ్చేదాన్ని ఏ జాకెట్టూ ఆపదు.

ఇంకో చిక్కు సమయం. ఈ జాకెట్లు రెండు రకాలు. తాడు రకంలో ఒక కొస జాకెట్‌కి, ఇంకో కొస బైకు సీటు దగ్గర. మనిషి ఎగిరిపోతే తాడు బిగుసుకుని పిన్ను ఊడుతుంది, స్ప్రింగు తోసిన సూది చిన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ మూతని పొడుస్తుంది, సంచి నిండటానికి ఒక సెకనులో పదో వంతు. ఎలక్ట్రానిక్ రకంలో ఒంటి మీదున్న సెన్సర్లు సెకనుకి వెయ్యిసార్లు కదలికల్ని కొలుస్తూ, ఇది పడిపోవడమే అని తేల్చుకున్నాక 0.06 సెకనులోనో అంతకంటే ముందో నింపేస్తాయి. కంటి రెప్ప వేసేలోపు అంటాం చూశారా, రెప్ప ఇంతకంటే నిదానం. మీటరు ఎత్తు నుంచి నేల తాకడానికి 0.45 సెకను పడుతుంది, కాబట్టి జారి పడినప్పుడు తాడు రకానికి కూడా కావాల్సినంత టైముంది. ఎదురుగా ఉన్న కారుని 50లో గుద్దితే లెక్క మారుతుంది. సంచి నిండే ఆ పదో వంతు సెకనులో నువ్వు 1.4 మీటర్లు పోతావు. నీ ఛాతీకీ ముందు చక్రానికీ మధ్య దూరం దాదాపు అంతే. పైగా తాడు బిగుసుకోవాలంటే ముందు నువ్వు సీటు వదలాలి. గాలి నిండుతుండగానే ఛాతీ కారుకి తగలొచ్చు. ఎదురు గుద్దుడు భయమే ఎక్కువైతే ఎలక్ట్రానిక్ రకానికి ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థముంది. కాకపోతే దాన్ని ఫోనులాగా రోజూ ఛార్జింగ్ చూసుకోవాలి, కొన్ని కంపెనీలు నెలనెలా చందా కూడా అడుగుతాయి. ప్రాణం కాపాడే వస్తువుకి చందా కట్టడమేంటో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మన ఎండల సంగతి కేటలాగుల్లో రాయరు. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే ఎంత ఒత్తిడి పెట్టినా ద్రవంగా ఉండలేదు, దాని సందిగ్ధ ఉష్ణోగ్రత అది. ఆపైన వేడి పెరిగేకొద్దీ సిలిండర్ లోపల ఒత్తిడి ఎగబాకుతుంది. విజయవాడలో మే నెలలో నీడపట్టునే 45 దాకా వెళ్తుంది, ఎండలో ఆపిన బైకు డిక్కీలో ఎంతుంటుందో ఊహించుకోండి. సిలిండర్ మీద ఇంత వేడి దాటనివ్వొద్దని రాసి ఉంటుంది, అది చదివి జాకెట్‌ని నీడలో పెట్టుకోవాలి. ఇక వేసుకునేవాడి అవస్థ. ఆ బుద్ధ్ సర్క్యూట్‌లో ఎండకి జడిసి పందేన్ని 24 రౌండ్ల నుంచి 21కి తగ్గించారు. అయినా రెండో స్థానంలో వచ్చిన హోర్హే మార్టిన్ ఒంట్లో నీళ్లు తగ్గి పందెం అయ్యాక కుప్పకూలాడు. అంత సాధన ఉన్నవాడికే అలా ఉంటే, సిగ్నల్ దగ్గర తొంభై సెకన్లు నిలబడే మనకి? అందుకే మనవాళ్లకి పూర్తి జాకెట్ కంటే చొక్కా మీద తొడుక్కునే చేతుల్లేని కోటు నయం. బీరువాలో మడతపెట్టిన జాకెట్ ఒక్క బంతిని కూడా ఆపదు.

అన్నట్టు, దాని మీద ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుంటే వీపు వైపు సంచి విచ్చుకోదు. బిగుతైన జాకెట్ లోపల వేసుకుంటే బయటికి ఉబ్బే చోటు లేక పక్కటెముకల్నే నొక్కుతుంది. ఈ రెండూ కొట్లో అమ్మేవాడు చెప్పడు.

కొత్త బండికి పూజ చేయించి చక్రం కింద నిమ్మకాయ తొక్కించడం మన ఆనవాయితీ. నాకు దాని మీద నమ్మకం లేదుగానీ పాఠం చెప్పడానికి అది బలే పనికొస్తుంది. నిమ్మకాయ చితికిపోతూ శక్తిని మింగుతుంది, మళ్లీ గుండ్రంగా అవ్వదు. హెల్మెట్ లోపలి థర్మోకోల్ సరిగ్గా అంతే, ఒకసారి గట్టి దెబ్బ తగిలితే పైకి బాగానే కనబడుతుంది కానీ లోపల చితికిన నిమ్మకాయే, మార్చాలి. గాలి జాకెట్ నయం, సంచి చిరగకపోతే సిలిండర్ మార్చి మళ్లీ వాడుకోవచ్చు.

హెల్మెట్ మాట వచ్చింది కాబట్టి చెప్పాల్సిందే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, అందులో వందకి 44 మందికి పైగా టూవీలర్ల మీదివాళ్లు. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది, వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. హెల్మెట్ పెట్టుకుంటే ప్రాణం పోయే అవకాశం 42 శాతం తగ్గుతుందని వైద్య పరిశోధనలన్నీ కలిపి జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. గాలి జాకెట్ తలని కాయదు, కాళ్లని కాయదు. ఐఎస్ఐ గుర్తున్న మంచి హెల్మెట్ రెండువేల లోపు దొరుకుతుంది, తలకి మూడు సెంటీమీటర్లు కొనిపెడుతుంది. వాడికి గట్టిగా చెప్పింది ఇదే: ముందు నీకో హెల్మెట్, నీ పెళ్లానికో హెల్మెట్, గ్లవ్స్, మడమ దాటిన బూట్లు, తర్వాత కొనబోయే బండికి ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుని జారకుండా చూసేది. ఇవన్నీ అయ్యాక కూడా నెలకి రెండుసార్లు హైవే ఎక్కుతావు కాబట్టి కొనుక్కో, తాడు రకం కొను, ఇద్దరికీ రెండు కొను. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ముప్ఫైలో పాకుతూ పోయేవాడు అడిగి ఉంటే, ఆ డబ్బు దాచుకోమనేవాణ్ణి.

వాడు కొన్నాడు. ఒకటే కొన్నాడు, అది వేరే గొడవ. వారం తర్వాత ఫోన్ చేసి, "మామయ్యా, తాడు విప్పకుండా బండి దిగితే పేలిపోతుందా?" అన్నాడు. పేలదురా, పిన్ను ఊడటానికి పాతిక, ముప్ఫై కిలోల లాగుడు కావాలి, దిగేటప్పుడు నడుం దగ్గర పట్టి లాగినట్టయి నీకే తెలుస్తుంది అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "మరి నాకు ఒక్కసారీ అలా లాగలేదే..." అన్నాడు. అసలు తాడు తగిలిస్తున్నావా అని అడిగాను.

శ్రీశైలం ఘాట్ రోడ్డంతా దాన్ని జేబులో పెట్టుకునే తిరిగొచ్చాడట.