బ్యాలెన్స్ ఫ్లయర్ పని కాదు: చీర్ స్టంట్లపై అపోహలు, వాస్తవాలు

"అక్కా, నాకు బ్యాలెన్స్ రాదు. ఫ్లయర్‌గా మానేస్తా, ఇంకెవరినైనా పెట్టుకోండి."

చీర్‌లీడింగ్ స్టంట్‌లో మిగతావాళ్లు పైకెత్తి నిలబెట్టే పిల్లే ఫ్లయర్. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఈ మధ్య మళ్లీ విన్నాను. లిబర్టీ, అంటే ఫ్లయర్ పైన ఒంటికాలి మీద నిలబడే స్టంట్, వరసగా నాలుగుసార్లు పడింది. పడిన ప్రతిసారీ కిందనున్న ముగ్గురూ (పాదాన్ని మోసే ఇద్దరు బేసులు, వెనక నుంచి చీలమండ పట్టుకునే బ్యాక్‌స్పాట్) పైనున్న పిల్ల వైపే చూశారు. ఆ పిల్లే సారీ చెప్పింది. నాలుగోసారికి కళ్లలో నీళ్లు. పక్కన నిలబడ్డ నాకు కనిపించింది వేరు. నాలుగింటిలో మూడుసార్లు బేసుల్లో ఒకరైన సైడ్ బేస్ కౌంట్ కంటే ముందే డిప్ తీసుకుంది, అంటే లేపడానికి మోకాళ్లు వంచింది. ఒక చెయ్యి పైకి, ఇంకో చెయ్యి ఇంకా కింద. అలాంటి మెట్టు మీద ఎవరు మాత్రం నిలబడతారు?

అపోహ: స్టంట్‌ని బ్యాలెన్స్ చేయాల్సింది ఫ్లయర్.

వాస్తవం: బ్యాలెన్స్ చేసేది బేసులు, బ్యాక్‌స్పాట్. వాళ్లు చేయగలిగేలా శరీరాన్ని బిగించి ఉంచడం ఫ్లయర్ పని. ఈ తేడా తెలియక ఎంతమంది మంచి ఫ్లయర్లు మానేశారో, ఎంతమంది చీలమండలు బెణికించుకున్నారో నాకు తెలుసు. అందుకే మిగతా అపోహల కంటే దీని మీదే నాకు ఎక్కువ కోపం.

అరచేతి మీద పొడుగాటి కర్ర నిలబెట్టే ఆట అందరూ ఆడే ఉంటారు. కర్ర ఎటు ఒరిగితే చేతిని అటు జరుపుతాం, కర్ర నిలుస్తుంది. కర్ర తనంతట తాను ఏమీ చేయదు. ఆ కర్ర స్థానంలో తాడు పెట్టండి, ఎంత నేర్పరి అయినా నిలబెట్టలేడు. నడుము దగ్గర వదులైపోయిన ఫ్లయర్ సగం కర్ర, సగం తాడు.

అసలు తంటా ఏంటంటే మన కర్రకి భయం కూడా ఉంటుంది. ఎడమకి ఒరుగుతున్నట్టు అనిపించగానే ఫ్లయర్ నడుము విరిచి కుడికి వంగుతుంది. అదే క్షణంలో బేసులు కూడా సర్దుకోవడానికి ఆమె బరువు కిందకి, అంటే ఎడమకి జరుగుతారు. రెండు సర్దుబాట్లూ కలిసి శ్రుతి మించుతాయి. ఇప్పుడు ఆమె కుడికి పడబోతుంది. మళ్లీ ఇద్దరూ సర్దుతారు. చూసేవాళ్లకి 'పిల్లకి బ్యాలెన్స్ లేదు' అనిపిస్తుంది. నిజానికి అక్కడ బ్యాలెన్స్ చేసేవాళ్లు ఎక్కువైపోయారు.

నేనూ ఇలాంటి ఫ్లయర్‌నే. మా కోచ్ కింద నుంచి "బ్యాలెన్స్ పట్టుకో, పట్టుకో" అని అరిచేవారు. నేను ఇంట్లో పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడేదాన్ని. కళ్లు మూసుకుని కూడా రెండు నిమిషాలు నిలబడగలిగాను. తీరా స్టంట్‌లో ఆరు సెకన్లు ఉంటే గొప్ప. ఎందుకో చాలా ఆలస్యంగా అర్థమైంది. నేల మీద ముందుకి తూలితే వేళ్లు నొక్కుతాం, నేల కదలదు కాబట్టి మనం వెనక్కి వస్తాం. స్టంట్‌లో వేళ్లు నొక్కితే కింద ఉన్నది అరచెయ్యి. అది కిందకి దిగుతుంది. పడకుండా ఉండాలని చేసిన పనే ఇంకా ముందుకి తోస్తుంది. ఒంటికాలి సాధన వద్దని కాదు, చీలమండకి బలం వస్తుంది. కానీ నేల మీద అలవాటైన ఆ సర్దుబాటును పైకి తీసుకెళ్లకూడదు.

ఒక సీజన్‌లో మా బ్యాక్‌స్పాట్ కొన్ని వారాలు రాలేదు. ఆ స్థానంలో నన్ను నిలబెట్టారు. పైన కొత్త ఫ్లయర్, అచ్చం నాలాగే ఆడేది. ఆమె చీలమండ పట్టుకుంటే చేతిలో బతికున్న చేప పెట్టినట్టు ఉండేది. నేను సర్దేలోపు ఆమె ఇంకో వైపు వంగేది. ప్రతిసారీ అరక్షణం ఆలస్యం నాదే. ఇన్నాళ్లూ నా కింద ముగ్గురు ఇలాగే తిప్పలు పడ్డారా అని సిగ్గేసింది.

సరే, బిగించి ఉండడం అంటే ఏంటి? ఊపిరి బిగబట్టడం కాదు. మోకాలు లాక్, తొడలు, పిరుదులు గట్టిగా, పక్కటెముకలు లోపలికి, భుజాలు తుంటి మీద, తుంటి పాదం మీద. ప్రెప్‌లో (బేసుల భుజాల ఎత్తు), ఎక్స్‌టెన్షన్‌లో (బేసుల చేతులు తల పైకి పూర్తిగా చాచిన ఎత్తు) రెండు కాళ్లూ ఒకదాన్నొకటి లాక్కుంటున్నట్టు తొడల లోపలివైపు బిగించాలి, లేకపోతే పాదాలు చెరోవైపు పోయి బేసులు విడిపోతారు. చూపు ఎదురుగా, కంటి ఎత్తు కంటే కాస్త పైన, ఒక్క చోట. కిందకి చూస్తే తల ముందుకి వాలుతుంది, తల వెంట భుజాలు, భుజాల వెంట అన్నీ. హీల్ స్ట్రెచ్‌లో, అంటే ఒక పాదాన్ని చేత్తో పట్టుకుని పైకెత్తే భంగిమలో, కాలిని మనిషి దగ్గరికి తెచ్చుకోవాలి, మనిషి కాలి దగ్గరికి వెళ్లకూడదు. చేతులు నెమ్మదిగా కదలాలి.

కింద వాళ్ల పనులూ తక్కువేం కాదు. బేసుల చూపు పైన, ఫ్లయర్ తుంటి మీద ఉండాలి. కర్ర ఎటు ఒరుగుతుందో అక్కడే ముందు తెలుస్తుంది. వీపు నిటారుగా, లేపేటప్పుడు బలం కాళ్ల నుంచి. కదలాల్సి వస్తే చిన్న అడుగులు, అందరూ కలిసి. బ్యాక్‌స్పాట్ చీలమండను ఊరికే పట్టుకుని నిలబడకూడదు, పైకి లాగుతూ బరువు పంచుకోవాలి. కౌంట్ ఒక్కరే, చాలా జట్లలో బ్యాక్‌స్పాటే చెబుతారు. నలుగురు నాలుగు కౌంట్లు చెప్పే జట్టు ఎంత బలమైనదైనా నా దృష్టిలో ఇంకా జట్టు కాదు.

దీనికి నేను చేయించే సాధన ఒకటే చెబుతాను. ప్రెప్‌లో నిలబెట్టి, ఫ్లయర్‌కి ఏమీ చేయొద్దని చెబుతాను. వంగొద్దు, సర్దొద్దు, బిగించి ఉండు, అంతే. బేసులు కావాలనే ఒక చిన్న అడుగు ముందుకి, ఒకటి పక్కకి వేస్తారు. ముందూ వెనకా పడితే పట్టుకోవడానికి అదనపు స్పాటర్లు, కింద మ్యాట్. మొదటి రోజు ఫ్లయర్లు గిలగిల్లాడిపోతారు, ఏమీ చేయకుండా ఉండడం అంత కష్టం. వారం తిరిగేసరికి భుజాలు దిగుతాయి, ముఖంలో టెన్షన్ పోతుంది.

అపోహ: బరువు తగ్గితే స్టంట్ నిలుస్తుంది.

ఇది ఎవరు పుట్టించారో కానీ, వాళ్లని ఒక్కసారి బ్యాక్‌స్పాట్‌గా నిలబెట్టాలి. బిగించి, లేచేటప్పుడు బేసుల భుజాలను గట్టిగా నొక్కి, వాళ్ల డిప్‌తో పాటే తన కాళ్లతో తాను నిలబడే ఫ్లయర్ తేలిగ్గా అనిపిస్తుంది. తుంటి దగ్గర కూర్చుండిపోయే ఫ్లయర్ ఎంత సన్నగా ఉన్నా బస్తాలా ఉంటుంది. ఒక అమ్మాయి ప్రాక్టీస్ రోజుల్లో తిండి మానేసేది. మూడో ప్రయత్నానికి తొడలు వణికేవి, బేసులు "ఇవాళ బరువుగా ఉన్నావు" అనేవాళ్లు. ఆ మాట విని ఇంకా తక్కువ తినేది. నాకు తెలిశాక ముందు తిన్నాకే స్టంట్ అన్నాను, ఆ తర్వాత బేసులతో విడిగా మాట్లాడాను. ఫ్లయర్ శరీరం మీద వ్యాఖ్య నా మ్యాట్ మీద నిషేధం.

మిగతావి గబగబా. ఫ్లయర్‌కి ఒళ్లు వంగితే చాలంటారు: కాలిని వెనక నుంచి తల దాకా లాగే స్కార్పియన్‌కి వంగాలి నిజమే, బలం లేని వంగుడు తాడే. ప్రెప్‌లో ఆగిపోవడం అవమానమంటారు: ఆల్‌స్టార్ (క్లబ్ జట్ల పోటీల) నిబంధనల్లో కూడా ఒంటికాలి స్టంట్‌ని ఎక్స్‌టెన్షన్ ఎత్తుకి తీసుకెళ్లడానికి లెవెల్ 3 దాకా ఆగాల్సిందే, ఊరికే పెట్టలేదు. ఇది అసలు ఆటే కాదంటారు: అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2021లో ఇంటర్నేషనల్ చీర్ యూనియన్‌కి పూర్తి గుర్తింపు ఇచ్చింది, ఇక వాదించను. ఆడపిల్లల వ్యవహారమంటారు: 1898లో మిన్నెసోటా యూనివర్సిటీలో మొదలుపెట్టింది మగవాళ్లు.

భయం గురించి మాత్రం ఆగి చెప్పాలి. పడబోతున్నట్టు అనిపిస్తే దూకేయడం మంచిదని చాలామంది అనుకుంటారు. దూకితే బేసులు ఉన్నచోట మీరు ఉండరు, వెనక్కి చెయ్యి పెడితే మోచెయ్యో మణికట్టో పోతుంది, మీ మోచెయ్యి తగిలి బేసుల ముఖం పగలొచ్చు. నిటారుగా, బిగించి ఉండండి. పట్టుకోవడం వాళ్ల పని, మ్యాట్‌కి తగలకముందే, ఎత్తులోనే పట్టుకోవాలి. పై నుంచి బేసుల చేతుల్లోకి పడుకున్నట్టు దిగే క్రేడిల్‌లో కూడా అంతే, చేతులు దొరికేదాకా ఒళ్లు వదలకండి. నలుగురిలో ఎవరికి తేడాగా అనిపించినా "డౌన్" అనొచ్చు. అన్నాక "ఇంకొక్క సెకను" అనే హక్కు ఎవరికీ లేదు, కోచ్‌కి కూడా. బాగా పడిన మర్నాడు భయం వేస్తే సిగ్గుపడాల్సిన పని లేదు, తొడ ఎత్తు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. నాకు ఒకసారి నెల పట్టింది.

మానేస్తానన్న పిల్ల సంగతి. రెండు వారాలు లిబర్టీ ఊసే ఎత్తలేదు. బేసులతో ఫ్లయర్ లేకుండానే డిప్ కౌంట్ చేయించాను, విసుక్కున్నారు. ఆ తర్వాత ప్రెప్‌లో అడుగుల సాధన. నిన్న లిబర్టీ వేశాం. రెండుసార్లు నిలిచింది, మూడోసారి పడింది. ఫ్లయర్ నోరు తెరిచేలోపే సైడ్ బేస్ "నేను ముందు దిగాను" అంది. మళ్లీ డిప్ కౌంట్ దగ్గరికి వెళ్లాం.