బల్బులు పెట్టాక వీడియో కాల్ ఎందుకు తెగిపోతోంది?

ఇంట్లో నాలుగు స్మార్ట్ బల్బులు, రెండు ప్లగ్గులు, గుమ్మం దగ్గర ఒక కెమెరా కొత్తగా చేరాయి. ఆ వారం నుంచే వీడియో కాల్‌లో అవతలివాళ్ల మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. స్పీడ్ టెస్ట్‌లో అంకెలేమో బాగానే ఉన్నాయి. చాలామంది ఇక్కడే పెద్ద ప్లాన్‌కి మారిపోతారు. దయచేసి ఆగండి. ఇక్కడ ల్యాగ్ (ఆలస్యం) అంటే ప్యాకెట్, అంటే డేటా చిన్న ముక్క, తన వంతు కోసం ఎదురుచూడటం. ప్లాన్ పెంచినంత మాత్రాన ఆ ఎదురుచూపు తగ్గుతుందని చెప్పలేం.

వైఫైలో ఒక చానెల్ (పరికరాలన్నీ పంచుకునే రేడియో దారి) మీద మామూలుగా ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. అందుకే ప్రతి పరికరం ముందు చెవి పెట్టి వింటుంది. నిశ్శబ్దంగా ఉంటే ఇంకాస్త ఆగి, అప్పుడు పంపుతుంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో మొదలైన అలోహానెట్ అనే తొలితరం వైర్‌లెస్ నెట్‌వర్క్‌లో ఈ వినడం కూడా లేదు. పంపడమే, ఢీకొంటే మళ్లీ పంపడమే.

బల్బు పంపే డేటా చాలా తక్కువ కదా అనిపిస్తుంది. నిజమే. కానీ ఇక్కడ లెక్క డేటాది కాదు, సమయానిది. 1500 బైట్ల ప్యాకెట్‌లో 12,000 బిట్లు ఉంటాయి. 300 ఎంబీపీఎస్ వేగంతో పంపితే అది 40 మైక్రోసెకన్ల పని. రెండు గోడల అవతల సిగ్నల్ అందీ అందక 1 ఎంబీపీఎస్‌కి పడిపోయిన పరికరానికి అదే ప్యాకెట్ 12 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే 300 రెట్లు! అంతసేపూ ఆ చానెల్ మీదున్న మిగతావన్నీ ఆగాల్సిందే. కాబట్టి నా అనుమానం ముందు వెళ్లేది దూరంగా ఉన్న కెమెరా మీదికే.

రెండో దోషి అప్‌లోడ్ క్యూ. కెమెరా ఆపకుండా వీడియో పంపుతుంటే రౌటర్ ప్యాకెట్లను వరుసలో పేరుస్తూ పోతుంది. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లైన్ ముందు 10 లక్షల బైట్లు పేరుకుంటే, వెనక చేరిన మీ మాట 0.8 సెకను ఆలస్యం. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు.

రెండింట్లో ఏదో తేల్చుకోవడం సులువే. ల్యాగ్ ఉన్నప్పుడు ముందు రౌటర్‌కి, తర్వాత బయటి సర్వర్‌కి పింగ్ చేయండి, అంటే చిన్న ప్యాకెట్ పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడండి. రౌటర్ పింగే ఎగిరెగిరి పడుతుంటే గొడవ గాలిలో ఉంది. అది స్థిరంగా ఉండి బయటిది మాత్రమే పెరిగితే క్యూని చూడాలి. అప్పుడు కెమెరాని కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా మార్చండి. రౌటర్‌లో ఎస్‌క్యూఎం (క్యూ పేరుకోకుండా చూసే సెట్టింగ్) ఉంటే, అప్‌లోడ్ పరిమితిని కొలిచిన వేగంలో 90 శాతం దగ్గర పెట్టండి.

గొడవ గాలిలో అయితే, చవక స్మార్ట్ పరికరాల్లో చాలావాటికి వైఫైలోని 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ తప్ప వేరే దారి లేదు. ఫోన్, ల్యాప్‌టాప్‌లను 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. కదలని టీవీకి కేబుల్ వేసేయండి. 2.4లో చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచి, 1, 6, 11 చానెళ్లలో రద్దీ తక్కువున్నది ఎంచుకోండి. గెస్ట్ నెట్‌వర్క్ భద్రతకి మంచిదే కానీ, అదే చానెల్‌లో నడిస్తే రద్దీ ఏమీ తగ్గదు.

ఇవన్నీ చేసే ముందు రౌటర్‌ని అల్మారాలోంచి బయటికి తీసి, ఆ కెమెరా వైపు కొన్ని అడుగులు జరిపి చూడండి. కెమెరా సిగ్నల్ బలపడితే అది తన మాట త్వరగా ముగిస్తుంది. మిగిలిన సమయం ఇంట్లో అందరికీ దక్కుతుంది.