ఫారం కోడి ఎముకలో గాదె

భీమవరం దగ్గర్నుంచి ఒకావిడ అడిగారు. ఫారంలో గుడ్ల వయసైపోయిందని తీసేస్తున్న లేయర్ కోళ్లు, అంటే గుడ్ల కోసం పెంచేవి, నాలుగు ఇంటికి తెచ్చుకున్నారంట, కోసుకోడానికి కాదు, పెంచుకోడానికే. మొదటి ఐదు రోజులు రోజూ మూడు నాలుగు గుడ్లు, పిల్లలు ఒకటే సంబరం. ఆరో రోజు పొద్దున్న చూస్తే ఒక కోడి పక్కకి ఒరిగిపోయి కాళ్లు చాపేసి పడుంది, కళ్లు మాత్రం బానే తెరిచి చూస్తోంది, నోటిదగ్గర పెడితే తింటోంది కూడా. "నూకలు, అన్నం కడుపునిండా వేస్తున్నామండి, ఏం తక్కువైందో తెలీట్లేదు, దిష్టి తగిలిందంటున్నారు మా అత్తగారు" అన్నారు.

దిష్టి కాదండి, ఆ నూకలే. నూరు గ్రాముల నూకల్లో కాల్షియం పది మిల్లీగ్రాములు ఉంటే ఎక్కువ. ఫారంలో అదే కోడి రోజుకి నూరు, నూట పది గ్రాముల లేయర్ దాణా తింటుంది, అందులో దగ్గర దగ్గర నాలుగు గ్రాములు, అంటే నాలుగు వేల మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మనం ప్రేమగా నూకలు వేసి నాలుగు వేలని పదికి దించేశాం, కోడి మాత్రం గుడ్డు పెట్టడం ఆపలేదు. మరి ఆ ఐదు రోజుల గుడ్ల పెంకులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? దాని ఎముకల్లోంచి వచ్చాయి. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది, అందుకే గూడు ఎంత పొడుగు, తలుపు ఎటు లాంటివి వదిలేసి దీని గురించే చెప్తాను. గూటిలోకి కుక్క, పిల్లి, ముంగిస దూరకపోతే చాలు.

ఒక పెంకు ఐదారు గ్రాములు ఉంటుంది, దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, అందులో అచ్చంగా కాల్షియం రెండు గ్రాముల పైచిలుకు. కోడి ఒంట్లో మొత్తం కాల్షియమే ఇరవై గ్రాముల చిల్లర, అంటే ఒక్కో గుడ్డుతో ఒంట్లో పదోవంతు బయటికి పోతోంది. పాలిచ్చే తల్లి ఒంట్లో కిలో దాకా కాల్షియం ఉంటే రోజుకి పాలల్లో పోయేది పావు గ్రాము. అడవికోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుతుంది, ఫారంలో తెల్ల లెగ్‌హార్న్ జాతి కోడి మూడొందలు పెడుతుంది, లెక్కేస్తే ఏడాదికి ముప్పావు కిలోకి కాస్త తక్కువ కాల్షియం, కిలోన్నర బరువున్న ప్రాణి నుంచి.

ఇంకో చిక్కు ఉంది. గుడ్డు తయారవ్వడానికి ఇరవై నాలుగు, ఇరవై ఐదు గంటలు పడితే అందులో ఇరవై గంటలు పెంకుకే, అందులోనూ గట్టి పని జరిగేది రాత్రి. రాత్రి కోడి తినదు. ఆ టైంలో రక్తంలో ఉన్న కాల్షియం అంతా వాడేసినా పది పన్నెండు నిమిషాలకి మించి చాలదు.

ఇలా ఊహించుకోండి. ఒక ఇల్లుంది, తెల్లారేలోపు ఒక గదికి మొత్తం సున్నం వెయ్యాలి, రోజూ వెయ్యాలి, సున్నం కొట్టు పొద్దుగూకగానే మూసేస్తారు. ఏం చేస్తారు? పగలే తెచ్చి గాదెలో పోసుకుంటారు. కోడి ఆ గాదెని ఎముకల లోపలే కట్టుకుంది. తొడ ఎముకలాంటివాటి బోలులో, గోడకి అంటుకుని గుల్లగుల్లగా ఒక ఎముక పెరుగుతుంది, మెడులరీ ఎముక అంటారు, 1934లో ఆడ పావురాల్లో మొదట వర్ణించారు. అది బరువు మొయ్యడానికి పెద్దగా పనికిరాదు, ఉన్నదంతా నిల్వ కోసమే. మొదటి గుడ్డుకి రెండు వారాల ముందు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ పెరగ్గానే మొదలవుతుంది, పగలు నిండుతుంది, రాత్రి ఖాళీ అవుతుంది. 2005లో మేరీ ష్వైట్జర్ బృందం మోంటానాలో దొరికిన 6.8 కోట్ల ఏళ్లనాటి టీరెక్స్ డైనోసార్ తొడ ఎముకలో ఇదే చూసి ఇది ఆడది, గుడ్లు పెట్టే రోజుల్లో ఉందని చెప్పారు. నేను క్లాసులో ఎముక అంటే స్తంభం అని ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి, గాదె అని కూడా చెప్పాల్సింది, పిల్లలకి అదే బాగా గుర్తుండేది.

ఇప్పుడు అసలు కష్టం. ఆ ఇంట్లో ఇద్దరు మేస్త్రీలు ఉన్నారు, ఇద్దరూ ఎముకలోని కణాలే, కట్టేవాడు ఆస్టియోబ్లాస్ట్, తవ్వేవాడు ఆస్టియోక్లాస్ట్. గుడ్లు పెడుతున్నన్నాళ్లూ, అంటే ఈస్ట్రోజన్ ఎక్కువగా ఉన్నన్నాళ్లూ, కట్టేవాడికి ఒకటే డ్యూటీ, గాదె నింపడం, ఇంటి గోడల జోలికి వెళ్లడు. తవ్వేవాడికి ఆ తేడా లేదు, రాత్రి గాదెలోనూ తవ్వుతాడు, చేతికి దొరికితే గోడనీ తవ్వుతాడు. తవ్విన గోడ అన్నాళ్లూ మళ్లీ లేవదు. ఇలా ఏడాది పైన, డెబ్భై రెండు, ఎనభై వారాల వయసు దాకా నడిచాక గాదె కొద్దో గొప్పో నిండుగానే కనిపిస్తుంది, దాన్ని మోస్తున్న గోడ మాత్రం పలచబడిపోయి ఉంటుంది. పైగా ఎముక గట్టిపడేది బరువు పడితేనే, నడిస్తేనే, రెక్క విదిలిస్తేనే. ఫారంలో కేజ్‌లో, అంటే తీగల బోనులో, ఒక కోడికి దక్కే చోటు ఏ4 కాగితమంత కూడా ఉండదు, రెక్క విప్పే వీలే లేదు. యూరప్‌లో ఆ మామూలు కేజ్‌లని 2012 జనవరి 1 నుంచి నిషేధించారు, మన దగ్గర గోదావరి జిల్లాల షెడ్లలో ఇప్పటికీ అవే వరసలు.

అందుకే ఆ వయసులో కోడిని పట్టుకోవడమే ప్రమాదం. 1989లో బ్రిటన్‌లో వేసిన లెక్కలో, గుడ్ల వయసైపోయి కోతకెళ్లిన కేజ్ కోళ్లలో వందకి 29 కోళ్లకి ఎక్కడో ఒకచోట ఎముక విరిగి ఉంది. నేను మొదటిసారి మూడింటిని తెచ్చినప్పుడు అందరూ తెచ్చినట్టే కాళ్లు కట్టి బండి హ్యాండిల్‌కి తలకిందులుగా వేలాడదీసుకొచ్చాను, ఇంటికొచ్చి తాడు విప్పితే ఒకదాని తొడ చేతిలో వదులుగా తిరిగింది. అది నాలుగు రోజులే బతికింది, ఆ తప్పు నాదే. తలకిందులైతే ఎముకలే కాదు, వాటికి మనలాగ ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుండే డయాఫ్రం పొర ఉండదు కాబట్టి లోపలి అవయవాలు గాలిసంచుల మీద పడి ఊపిరి కూడా ఆడదు. రెండు చేతులతో రెక్కలు ఒంటికి అదిమి, కింద అరచెయ్యి ఆనించి ఎత్తండి, గడ్డి వేసిన అట్టపెట్టెలో కూర్చోబెట్టి తీసుకురండి.

ఇంటికొచ్చాక ఒక్కసారిగా మేత మార్చకండి. అదే లేయర్ దాణా కొని వెయ్యండి, నూకలు, ఆకుకూరలు చిరుతిండి లాగ సాయంత్రం గుప్పెడు. ముక్కు కొస కోసేసి ఉంటుంది కాబట్టి నేలమీద చల్లితే ఏరుకోలేవు, లోతున్న గిన్నెలో పొయ్యండి. నీళ్లు కూడా అంతే, పుట్టినప్పట్నుంచి నిపుల్‌లోంచే, అంటే పొడిస్తే చుక్క రాలే గొట్టం మూతిలోంచే తాగినవి కదా, గిన్నె ముందు పెట్టినా దాహంతో అలాగే నిలబడతాయి, వేలితో నీళ్లు తడుతూ చుక్కలు పడేలా చేస్తే గుర్తుపడతాయి. దండెం ఎత్తుగా పెట్టకండి, దూకితే రొమ్ము ఎముక పగులుతుంది, మొదటి నెల నేలమీద ఎండుగడ్డి చాలు. ఇంట్లో నాటుకోళ్లుంటే కొన్ని వారాలు దూరంగా ఉంచండి, కొక్కెర తెగులు అటూ ఇటూ అంటుకుంటుంది. చుట్టుపక్కల బర్డ్ ఫ్లూ ఉందంటే అసలు తేవొద్దు, 2025 ఫిబ్రవరిలో తణుకు వైపు ఏం జరిగిందో చూశాం.

ఎండ మాత్రం కావాలి, మధ్యాహ్నం ఎండ కాదు, పొద్దున్న నీడా ఎండా కలిసి ఉన్న చోటు. విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం పేగు దాటదు, ఆ విటమిన్ డికి ముడిసరుకు కోడికి ఎక్కువగా ఉండేది ఈకలు లేని కాళ్ల చర్మంలో. మా పాప మూడింటికీ కాళ్లకి రంగు దారాలు కట్టింది, అందులో ఎర్రదారం కోడి మొదటి రోజు మట్టిమీద పెట్టగానే ఒక కాలు పైకెత్తి అలాగే పట్టుకుని ఉండిపోయింది, తర్వాత మెల్లిగా దించి, వేళ్లు విప్పి, మళ్లీ ఎత్తింది. తీగ తప్ప ఇంకేం తొక్కని కాలు అది. పది రోజులకల్లా అదే కోడి గొయ్యి తీసి దుమ్ములో పొర్లాడుతోంది.

అన్నిటికంటే ముఖ్యమైంది గుల్ల గిన్నె. ఆల్చిప్పలు, నత్తగుల్లలు కడిగి ఎండబెట్టి, పెసరపప్పు బద్దంత సైజులో దంచి విడిగా ఒక గిన్నెలో పెట్టండి, దాణా కొట్లో షెల్ గ్రిట్ అని అడిగినా ఇస్తారు. పొడి చెయ్యకండి. పొడి గంటల్లో దిగిపోతుంది, ముక్క మాత్రం కందనకాయలో ఆగి రాత్రంతా కొంచెం కొంచెం కరుగుతుంది, అంటే సున్నం కొట్టు రాత్రి కూడా కాస్త తలుపు తీసి ఉన్నట్టు, గాదె మీద అంత భారం తగ్గుతుంది. గమనించండి, పొద్దున్న ఆ గిన్నె వైపు చూడవు, నాలుగు ఐదు గంటలప్పుడు వచ్చి టకటకా ఏరుకుంటాయి, రాత్రి ఖర్చు వాటికి ముందే తెలుసు. దాణాలో కలిపెయ్యొద్దు, గుడ్లు పెట్టని కోడికి ఎక్కువ కాల్షియం కిడ్నీలకి చేటు, విడిగా ఉంటే ఏది ఎంత తినాలో అవే చూసుకుంటాయి.

తాంబూలంలో వేసుకునే సున్నం మాత్రం పెట్టకండి. గుల్లని కాలిస్తే సున్నం, నీళ్లు పోస్తే తడిసున్నం, అది నోరూ గొంతూ కాల్చేస్తుంది. పుట్టుక ఒకటే అయినా గుల్ల వేరు, సున్నం వేరు. స్కూల్లో వాడే సుద్దముక్క కూడా పనికిరాదు, అది ఎక్కువగా జిప్సం.

పెట్ట కూస్తే అరిష్టమని చంపేస్తారు, అదొక్కటి ఆపండి. కోడికి పనిచేసేది ఎడమ అండాశయం ఒక్కటే, అది జబ్బుతో దెబ్బతింటే కుడివైపు ఎదగకుండా ఉన్న ముక్క వృషణంలా మారొచ్చు, అప్పుడు పెట్ట కూస్తుంది. ఇంటికి వచ్చే కీడేం లేదు అందులో.

ఆవిడ కోడిని ముందు పశువుల డాక్టరు గారికి చూపించమన్నాను, లోపల గుడ్డు అడ్డం పడినా, వేరే జబ్బులున్నా కాళ్లు పడిపోతాయి. ఆయన చూసి కాల్షియం తక్కువే అని కాల్షియం ద్రవం ఇచ్చారంట. మెత్తటి గడ్డిమీద విడిగా పెట్టి, పూటకోసారి పక్క మార్చి, దాణా, నీళ్లు ముక్కుకి అందేలా ఉంచారు. ఎనిమిదో రోజు లేచి నిలబడిందంట. మళ్లీ పదిహేను రోజులకి ఫోన్ చేశారు, "లేచి తిరుగుతోంది గానీ ఈకలన్నీ రాలిపోతున్నాయండి, గుడ్డు కూడా మానేసింది, మళ్లీ ఏమైనా అయిందా" అని. ఏం కాలేదు, షెడ్డులో పదహారు గంటల లైటు, ఇంట్లో పన్నెండు గంటల పగలు, ఒళ్లు ఆ తేడా గమనించి గుడ్లు ఆపింది, ఈస్ట్రోజన్ దిగింది. కట్టే మేస్త్రీ ఏడాది పైన గడిచాక మొదటిసారి గోడ పనికి వెళ్లే టైం ఇది, లైటు వేసి గుడ్లు పెట్టించాలని చూడకండి అని చెప్పాను. గుల్ల గిన్నె తియ్యొద్దు, సాయంత్రం పూట చూస్తూ ఉండండి, ఆ కోడి మళ్లీ వచ్చి గుల్ల ఏరుకోవడం మొదలుపెట్టిందంటే గుడ్డు దగ్గర్లోనే ఉన్నట్టు.