గండి ఎవరి వైపు?

వరద తీసిన మర్నాడు ఎక్కడైనా వినిపించే డిమాండ్ ఒకటే: కరకట్ట ఎత్తు పెంచాలి. మునిగిన వాళ్లు అలా అడగడంలో తప్పేమీ లేదు. కానీ కట్టల చరిత్ర తిరగేస్తే, నీటిని ఆపిన సందర్భాలతో పాటు దాన్ని పక్కవాడి మీదికి తోసిన సందర్భాలూ కనిపిస్తాయి.

అన్ని వరదలనూ జనం శత్రువులుగా చూడలేదు. నైలు ఏటా పొంగి, పొలాల్లో ఒండ్రు పరిచి వెళ్లేది. ఈజిప్టు వ్యవసాయం వేల ఏళ్లు దాని మీదే నడిచింది. 1970లో ఆస్వాన్ హై డ్యామ్ పూర్తయ్యాక ముంపు భయం పోయింది. ఒండ్రు మాత్రం జలాశయంలోనే ఆగిపోయి, రైతు ఎరువు మీద ఆధారపడాల్సి వచ్చింది.

ఆ ఒండ్రే కట్టల మధ్య చిక్కితే ఏమవుతుందో చైనాలోని పసుపు నది చూపించింది. పక్కలకు పరుచుకునే దారి లేక మట్టి నది అడుగునే మేట వేస్తుంది. మేట పెరిగిన కొద్దీ కట్ట పెంచాలి, కట్ట పెంచితే మళ్లీ మేట. శతాబ్దాల పాటు ఇలా సాగి, చాలాచోట్ల నది అడుగు చుట్టుపక్కల పొలాల కంటే ఎత్తుకు చేరింది. అలాంటి చోట గండి పడితే నీరు తిరిగి నదిలోకి రాదు. 1887 వరదలో కనీసం 9 లక్షల మంది చనిపోయారని అంచనా. 1938లో గండి దానంతట అది పడలేదు. జపాన్ సైన్యాన్ని ఆపడానికి చైనా సైన్యమే హువాయువాన్‌కౌ దగ్గర కట్ట తెగ్గొట్టింది. ముంపుకూ, ఆ వెనకే వచ్చిన ఆకలికీ, రోగాలకూ లక్షల సంఖ్యలో బలైంది సొంత రైతులే.

అది యుద్ధకాలం అనుకుందాం. మరి అమెరికా? నదిని కట్టల మధ్య బిగిస్తే వేగం పెరిగి తన అడుగు తానే కోసుకుంటుందని అక్కడి ఇంజినీర్లు దశాబ్దాల పాటు నమ్మారు. 1927లో మిసిసిపీ ఆ నమ్మకాన్ని చాలాచోట్ల తెంచుకుని సుమారు 70 వేల చదరపు కిలోమీటర్లు ముంచింది. న్యూ ఆర్లీన్స్ నగరాన్ని కాపాడటానికి దిగువన కేర్నార్వన్ దగ్గర కట్టను డైనమైట్‌తో పేల్చారు. మునిగింది వేట, చేపల మీద బతికే పేదల ప్రాంతం. పరిహారం ఇస్తామని మాటిచ్చారు గానీ, చాలామందికి దక్కింది నామమాత్రమే. ఎగువన అప్పటికే గండ్లు పడి ఉధృతి తగ్గింది కాబట్టి ఆ పేల్చివేత అవసరమే లేదని తర్వాత తేలింది!

ఇంకో చిక్కును భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940లలో ఎత్తిచూపాడు. కట్ట వేయగానే వెనక ఉన్న నేలకు ధైర్యం వస్తుంది. ఇళ్లు లేస్తాయి, ఫ్యాక్టరీలు వస్తాయి. చిన్న వరదలు ఆగడంతో జనం నదిని మర్చిపోతారు. పెద్దది వచ్చిన రోజు పోయేది పాత రోజుల్లో కంటే ఎన్నో రెట్లు. నాకైతే ఇదే అసలు టెన్షన్ అనిపిస్తుంది. కట్ట ఎంత బాగా పనిచేస్తే, దాని వెనక అంత ఎక్కువ చేరుతుంది.

బిహార్‌లో కోసీ నదికి 1950ల్లో రెండు వైపులా కట్టలు వేసినప్పుడు వందల గ్రామాలు వాటి మధ్యే ఉండిపోయాయి. బయటివాళ్లకు రక్షణ, లోపలివాళ్లకు ఏటా ముంపు. 2008 ఆగస్టులో నేపాల్‌లోని కుసహా దగ్గర ఆ కట్టకు గండి పడింది. అప్పుడు నదిలో ఉన్నది కట్ట తట్టుకోవాల్సిన ప్రవాహంలో చిన్న వంతే. అయినా లక్షల మంది రోడ్డున పడ్డారు, రక్షణ ఉందనుకున్న వైపున.

1953లో సముద్రపు ఉప్పెనకు 1,836 మందిని పోగొట్టుకున్న నెదర్లాండ్స్ ముందు గట్టి గోడలే కట్టింది. 1995లో నదులు పొంగి సుమారు 2.5 లక్షల మందిని ఖాళీ చేయించాక దారి మార్చుకుని, కొన్నిచోట్ల కట్టలను వెనక్కి జరిపి నదికి నేల వదిలింది. అందుకోసం ఒక లోతట్టు ప్రాంతంలో కొందరు రైతులు ఊరు విడిచారు. ఉండిపోయిన వాళ్లు ఎత్తైన దిబ్బల మీద ఇళ్లు కట్టుకున్నారు. కింద పొలంలోకి నీరు రావచ్చని వాళ్లకు ముందే చెప్పారు.