గుండెల్లో మంట: అల్సర్ కాలం నాటి ఆలోచన, అన్నవాహిక చెప్పిన సంగతి

మారతహళ్లి, కె.ఆర్. పురం, బీటీఎం లేఅవుట్ వంటి, తెలుగువారు ఎక్కువగా ఉండే బెంగళూరు పేటల్లో రాత్రిపూట ఏ మందుల షాపు ముందు కాసేపు నిలబడినా "అన్నా, ఒక షీటు పాన్-డీ" అనే మాట వినబడుతుంది. అడిగేవారు డాక్టరు చీటీ చూపరు, ఇచ్చేవారు అడగరు. నిజానికి ఆ గ్యాస్ మాత్రలో ఉండే పాంటాప్రజోల్, డాంపెరిడోన్ రెండూ చీటీ మీదనే అమ్మవలసిన మందులు. షిఫ్టు ముగించుకొని పీజీకి చేరి పదకొండింటికి కడుపునిండా తిని వెంటనే పడుకునే కుర్రవాడు గొంతులోకి పుల్లని నీళ్లు ఎగదన్నితే తన పొట్టలో యాసిడ్ ఎక్కువైందని నిర్ణయించుకుంటాడు. ఈ నిర్ణయం అతనిది కాదు, ముందు తరాల నుంచి అతనికి సంక్రమించినది. దక్షిణ భారతంలో పొట్ట జబ్బు అంటే చాలాకాలం పాటు అల్సర్ జబ్బే కావడం వల్ల అది స్థిరపడింది.

లక్షణాలు మనకు కొత్తవి కావు. చేదు, పులుపు త్రేన్పులు, గుండెలోను గొంతులోను మంట కలిగే అమ్లపిత్తాన్ని ప్రాచీన ఆయుర్వేద గ్రంథం మాధవనిదానం ప్రత్యేక వ్యాధిగా వర్ణించింది. జీర్ణాశయంలో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమేనని ఇంగ్లండులో విలియం ప్రౌట్ 1824లో ప్రకటించాడు. అయితే ఇరవయ్యో శతాబ్దంలో దక్షిణాది వైద్యుల చేతికి వచ్చిన పెద్ద సమస్య అన్నవాహికది కాదు, చిన్నపేగు మొదటి భాగంలో పడే పుండుది, అంటే అల్సర్‌ది. ఎవరెస్టు ఎక్కే ప్రయత్నాల్లో 1922లోను, 1924లోను పాల్గొన్న హోవార్డ్ సోమర్వెల్ తిరువాన్కూరులోని నెయ్యూరు మిషన్ ఆసుపత్రిలో సర్జన్‌గా స్థిరపడి, ఈ పుండ్లకు లెక్కలేనన్ని ఆపరేషన్లు చేసి, 1936లో ఆ అనుభవాన్ని ప్రచురించాడు. 1960లలో రైల్వే వైద్యాధికారి ఎస్.ఎల్. మల్హోత్రా ఉత్తరాది, దక్షిణాది రైల్వే ఉద్యోగులను పోల్చి, దక్షిణాదిలో పుండ్లు ఎక్కువగా ఉండటానికి మెత్తగా, జారుగా ఉండి నమలవలసిన పని లేని భోజనమే కారణమని వాదించాడు. బెంగళూరుకు దగ్గరలోనే, మైసూరులోని హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రిలో పనిచేసిన ఫ్రాంక్ టోవీ పాలిష్ బియ్యం తినే ప్రాంతాల్లో ఈ పుండు ఎక్కువని గమనించి, రక్షణ ఇచ్చే ధాన్యాలు ఏవోనని దశాబ్దాల పాటు వెతికాడు. ఆయన బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఉలవల్లోని కొవ్వు పదార్థాలకు పుండును అడ్డుకునే గుణం కనిపించింది. ఉలవచారు అభిమానులకు ఇది రుచించే కబురే గానీ, ఎలుక మీద చేసిన ప్రయోగాన్ని అంతకు మించి సాగదీయకూడదు.

ఈ పుండు ఉన్నవారిలో సగటున ఆమ్లం ఎక్కువగా ఊరేది. ఆమ్లాన్ని తగ్గిస్తే పుండు మానేది. కాబట్టి పొట్టలో బాధ అంటే ఆమ్లం ఎక్కువ కావడమేనన్న సూత్రం వైద్యుల నుంచి జనంలోకి, జెలుసిల్, డైజీన్ సీసాల నుంచి వంటింటి అలమారలోకి చేరింది. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ పుండుకు ముఖ్య కారణమైన హెలికోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవిని పట్టుకున్నాక పుండు కథ మారిపోయింది, సూత్రం మాత్రం అలాగే మిగిలింది.

అన్నవాహిక పరిశోధన ఇంతలో వేరే దారి పట్టింది. 1935లో న్యూయార్క్ వైద్యుడు ఆషర్ వింకెల్‌స్టైన్ అయిదుగురు రోగులను వర్ణించి, జీర్ణరసం పైకి రావడం వల్ల అన్నవాహిక ఒరుస్తుందని చెప్పేదాకా దానిని ప్రత్యేక వ్యాధిగా గుర్తించినవారు అరుదు. 1950లో లండన్ సర్జన్ నార్మన్ బారెట్ జీర్ణాశయం తరహా పొరతో ఉన్న అడుగు భాగం అన్నవాహికే కాదని, పైకి లాగబడిన జీర్ణాశయమని వాదించాడు. 1953లో ఫిలిప్ అలిసన్, జాన్‌స్టన్ అది అన్నవాహికేనని చూపాక 1957లో బారెట్ ఒప్పుకున్నాడు. క్యాన్సర్‌కు దారితీయగల, పొరలోని ఆ మార్పు నేటికీ ఆయన పేరుతోనే చలామణీ అవుతోంది. వాదం ఓడిపోయినా పేరు నిలిచిపోవడం వైద్యంలో అప్పుడప్పుడు జరిగేదే.

జీర్ణరసం పైకి రావడానికి కారణం ఎక్కడుందన్న ప్రశ్నకు అలిసన్ చూపిన జవాబు హెర్నియా. ఛాతీని, పొట్టను వేరుచేసే కండరపు పొర అయిన డయాఫ్రమ్‌లోని రంధ్రం గుండా జీర్ణాశయం పైకి జారడమే మూలమని నమ్మి, 1951లో దానిని సరిచేసే ఆపరేషన్‌ను వివరించాడు. 1973లో తన రోగులనే తిరిగి పరిశీలించి, దాదాపు సగం మందిలో సమస్య మళ్లీ వచ్చిందని తానే ప్రచురించాడు. సర్జన్లు ఇలా చేయడం అరుదు. ఈలోగా రుడాల్ఫ్ నిస్సెన్ 1955లో జీర్ణాశయపు పై భాగాన్ని అన్నవాహిక చుట్టూ మఫ్లర్‌లా చుట్టి కుట్టే పద్ధతిని ప్రారంభించాడు. నేడు లాప్రోస్కోపీతో చేసే ఆపరేషన్‌కు అదే పునాది.

1956లో మేయో క్లినిక్ పరిశోధకులు ఒత్తిడి కొలిచే సన్నని గొట్టాలతో అన్నవాహిక అడుగున గట్టిగా మూసి ఉండే కండర వలయాన్ని నిర్ధారించారు. ఆ వలయం బలహీనపడటమే జబ్బు అని చాలాకాలం అనుకున్నారు. 1980లలో జాన్ డెంట్, వైలీ డాడ్స్ తదితరులు గంటల తరబడి కొలతలు తీసి, ఆమ్లం పైకి వచ్చే సందర్భాలు చాలావరకు వలయం ఎప్పుడూ వదులుగా ఉండటం వల్ల కాక, మింగే పని లేకుండానే అది కొన్ని సెకన్ల పాటు హఠాత్తుగా సడలడం వల్ల కలుగుతున్నాయని తేల్చారు. ఈ సడలింపు ఆరోగ్యవంతుల్లోనూ జరుగుతుంది. పొట్ట ఉబ్బినప్పుడు గాలిని బయటకు పంపడానికి శరీరం చేసుకున్న ఏర్పాటే అది. కడుపు పట్టేదానికి మించి తిన్నప్పుడు అది తరచవుతుంది. "గ్యాస్ పట్టింది" అని మన పెద్దలు అన్నదానిలో కొంత పస ఉందన్నమాట, నింద మాత్రం పడవలసినది ఆమ్లం మీద కాదు.

మందుల చరిత్ర దీనికి సమాంతరంగా నడిచింది. జేమ్స్ బ్లాక్ బృందం రూపొందించిన, ఆమ్లాన్ని తగ్గించే సిమెటిడిన్ 1976లో బ్రిటన్ మార్కెట్‌లోకి వచ్చింది, తర్వాత రానిటిడిన్ వచ్చింది. స్వీడన్‌లోని ఆస్ట్రా సంస్థ 1988లో పాంటాప్రజోల్ కుటుంబానికే చెందిన ఒమెప్రజోల్‌ను తెచ్చింది. భారత్‌లో 1970 నాటి చట్టం మందులకు తయారీ విధానం మీదే పేటెంటు ఇవ్వడంతో, 2005 వరకు దేశీయ కంపెనీలు ఇటువంటి మందులను వేరే విధానంలో చవకగా తయారుచేయగలిగాయి. మాత్ర వీధిచివరి షాపులో అందరికీ అందుబాటులోకి రావడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఈ మందులు పుండ్లనూ ఒరిసిన అన్నవాహికనూ మాన్పుతాయి, అందులో సందేహం లేదు. అవి చేయలేనిది ఏమిటో 2001లో మార్సెలో వేలా బృందం, ఆమ్లం ఉన్నా లేకపోయినా పైకి వచ్చే ద్రవాన్ని పట్టుకునే ఇంపీడెన్స్ పద్ధతిలో చూపింది. ఒమెప్రజోల్ వాడాక పైకి ఎగదన్నే సందర్భాల సంఖ్య దాదాపు మారలేదు, ఎగదన్నే ద్రవంలో ఆమ్లం మాత్రం తగ్గింది. వలయం మునుపటిలాగే సడలుతూనే ఉంది. ఇంకో సంగతి, ఈ మాత్ర పరగడుపున, టిఫిన్‌కు అరగంట ముందు పడాలి, ఎందుకంటే తిండి తగిలినప్పుడు పనిలో దిగే ఆమ్లపు పంపులనే అది మూసివేస్తుంది. రాత్రి భోజనం చేశాక మంట పుట్టినప్పుడు మింగితే దాని శక్తి చాలావరకు వృథా.

మానివేయడం కూడా అంత సులువు కాదు. 2009లో డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేని 120 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఎనిమిది వారాలు అదే రకం మందైన ఈసోమెప్రజోల్, మరో గుంపుకు పనిచేయని మాత్ర ఇచ్చారు. ఆపిన తర్వాతి వారాల్లో మందు వాడినవారిలో 44 శాతం మందికి మంట, పులుపు వంటి బాధలు కలిగాయి, రెండో గుంపులో 15 శాతం మందికే కలిగాయి. అంటే లేని జబ్బును మాత్ర తెచ్చిపెట్టగలదు, ఆ మంటను చూసి మనిషి మళ్లీ షాపు ముందు నిలబడతాడు.

మన దేశపు లెక్క ఆలస్యంగా తయారైంది. ఇండియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ కార్యదళం 2011లో ప్రచురించిన సర్వేలో 12 కేంద్రాల్లో 3,224 మందిని అడిగితే, వారానికి కనీసం ఒకసారి మంట లేదా పుల్లని ద్రవం పైకి రావడం ఉన్నవారు 7.6 శాతం. పాశ్చాత్య దేశాల్లో అప్పట్లో చెప్పుకునే 10 నుంచి 20 శాతం కంటే ఇది తక్కువ. వారి దగ్గర ఎక్కువైపోతున్న బారెట్ సంబంధ క్యాన్సర్ కూడా మన దగ్గర తక్కువే, ఇక్కడ అన్నవాహిక క్యాన్సర్‌లో ఎక్కువ భాగం పొగాకు, వక్క, మద్యం జాడలున్న వేరే రకం. అందుకే గుట్కా నమిలే మనిషికి మింగేటప్పుడు అడ్డు తగిలితే, మంట మాత్రతో నెలలు గడపడం ప్రమాదకరం.

మంట ఉన్న ప్రతివారికీ ఆమ్లం పైకి వస్తున్నదా అన్న ప్రశ్నకు ఎండోస్కోపీ ఒక్కటే జవాబు చెప్పదు, చాలామందికి అందులో ఏమీ కనబడదు. అప్పుడు ముక్కు గుండా ఆమ్లతను కొలిచే సన్నని గొట్టాన్ని దింపి, కండర వలయానికి అయిదు సెంటీమీటర్ల పైన దాని కొనను ఉంచుతారు. రెండో కొనను నడుముకు కట్టిన చిన్న పెట్టెకు తగిలిస్తారు. రోగి 24 గంటలు ఆ గొట్టంతోనే ఇడ్లీ తిని, ఆఫీసు పని చేసుకొని, నిద్రపోయి, మంట పుట్టిన ప్రతిసారీ ఒక మీట, పడుకున్నప్పుడు మరో మీట నొక్కాలి. పీహెచ్ (ఆమ్లత కొలత, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4 కంటే తగ్గి ఉన్న సమయం 6 శాతం దాటితే రిఫ్లక్స్, అంటే ఆమ్లం పైకి ఎగదన్నడం, ఉన్నట్టని, 4 శాతం లోపు అయితే లేనట్టని 2018 నాటి నిపుణుల లియాన్ ఒప్పందం తేల్చింది. 2019లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల పరిశోధన దీని విలువను తెలిపింది. మాత్రకు లొంగని మంటతో వచ్చిన 366 మందిని వరుసగా పరీక్షించుకుంటూ పోతే, రిఫ్లక్స్ వల్లనే బాధ పడుతున్నట్టు తేలి చివరికి ఆపరేషన్‌నూ మందులనూ పోల్చే ప్రయోగంలో చేరినవారు 78 మంది. వారిలో ఆపరేషన్ 67 శాతం మందికి, మరిన్ని మందులు 28 శాతం మందికి ఉపశమనం ఇచ్చాయి. చేరనివారిలో కొందరికి మాత్రను సరైన వేళకు వేసుకోవడంతోనే బాధ తగ్గింది. ఇంకొందరికి అసలు కారణం రిఫ్లక్స్ కాదు, వారి విషయంలో మందు మోతాదు ఎంత పెంచినా ఒరిగేది లేదు.