బోవే కెథడ్రల్‌లో ఆ కర్ర ఊతాలు ఎందుకు?

ఫ్రాన్స్‌లో పారిస్‌కు ఉత్తరాన ఉన్న బోవే ఊళ్లో సెయింట్ పీటర్ కెథడ్రల్ ఉంది. 1990లలో దాని ఉత్తరపు రెక్కలో (శిలువ ఆకారపు గుడిలో పక్కకు చాచుకున్న భాగం), స్తంభానికీ స్తంభానికీ మధ్య నాలుగు ఎత్తుల్లో కర్ర, ఉక్కు కలిపిన దూలాలు బిగించారు. వాటికి తోడు నేల మీద నుంచి ఏటవాలుగా లేచి స్తంభాన్ని ఆనుకునే మరో పెద్ద ఊతం పెట్టారు. ఇంత పేరున్న గుడికి ఈ గతి ఎందుకు పట్టిందో తెలియాలంటే ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1225లో పాత గుడి మంటల్లో దెబ్బతింది. బిషప్ మిలోన్ కొత్తది మొదలుపెట్టాడు. అప్పటికి ఉత్తర ఫ్రాన్స్‌లో ఎవరి గుడి ఎత్తని ఊరూరా పోటీ నడుస్తోంది. షార్త్ర్‌లో లోపలి రాతి కప్పు ఎత్తు దాదాపు 37 మీటర్లు, ఆమియాలో 42. బోవే వాళ్లు మధ్యలో ప్లాన్ మార్చి మరో 5 మీటర్లు పెంచారు. 1272కల్లా బలిపీఠం ఉండే భాగం 48 మీటర్ల ఎత్తున పూర్తయింది. మెదక్ చర్చి గంటల గోపురం సుమారు 53 మీటర్లు. ఆ గోపురం కొసకు కాస్త కిందుగా, తలెత్తితే రాతి కప్పు కనిపిస్తోందని ఊహించుకోండి.

ఈ గుళ్లు కట్టిన తీరును గోతిక్ శైలి అంటారు. దాని పనితనమంతా గోడ బయటే ఉంటుంది. రాతి కప్పు బరువు కిందికే కాదు, పక్కలకీ తోస్తుంది. ఆ తోపుడును ఆపడానికి గోడకు దూరంగా బలమైన రాతి దిమ్మెలు కట్టి, వాటి నుంచి గోడ మీదికి వాలు కమానులు వేస్తారు. వీటినే ఫ్లయింగ్ బట్రెస్‌లు అంటారు. అవి బరువు మోస్తాయి కాబట్టే గోడల్లో అంత పెద్ద రంగు అద్దాల కిటికీలు పెట్టగలిగారు. బోవేలో ఈ దిమ్మెలను మరీ సన్నగా కట్టారు.

పూర్తయిన పన్నెండేళ్లకే, 1284లో, కప్పులో కొంతభాగం కూలింది. కారణం మీద ఇప్పటికీ వాదనలున్నాయి. పునాదులని కొందరు, రాతి జోడింపులని కొందరు అన్నారు. 1970లలో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ మార్క్ నమూనాల మీద పరీక్షలు చేసి, గాలి ఒత్తిడికి మధ్య దిమ్మెలు చిట్లి ఉంటాయని చూపించారు. నాకు ఈ వాదనే సబబుగా తోస్తుంది, ఎందుకంటే ఇప్పటికీ ఆ గుడికి గాలితోనే గొడవ. తిరిగి కట్టినప్పుడు రెండు స్తంభాల మధ్య ఇంకో స్తంభం దూర్చారు. ఆ ఇరుకు ఈనాటికీ కంటికి తెలుస్తుంది.

తర్వాత ఇంగ్లండ్‌తో నూరేళ్ల యుద్ధం. పని ఆగింది. 1500లో మార్టిన్ షాంబీజ్ అనే మేస్త్రీ రెండు పక్క రెక్కలు ఎత్తడం మొదలుపెట్టాడు. అవి పూర్తయ్యాక జనం నిలబడే పొడవాటి మధ్యశాల కట్టాల్సింది. అది వదిలేసి నడిమధ్యన గోపురం లేపారు. నా దృష్టిలో అసలు నష్టం జరిగింది ఇక్కడే. 1569లో ఆ గోపురం 153 మీటర్లకు చేరింది. మధ్యశాల లేకపోవడంతో పడమటి వైపు దన్ను లేదు. 1573 ఏప్రిల్ 30న, క్రీస్తు ఆరోహణ పండుగ నాడు, జనం అప్పుడే బయటికి నడిచాక గోపురం కుప్పకూలింది. తర్వాత విరిగింది బాగుచేసేసరికే డబ్బు అయిపోయింది. మధ్యశాల ఇక లేవలేదు. దానికోసం కూల్చాల్సిన పదో శతాబ్దపు చిన్న గుడి అలా బతికిపోయింది, ఇప్పటికీ పక్కనే ఉంది. 1940 బాంబు దాడుల్లో ఊరు తగలబడినా కెథడ్రల్ నిలిచింది.

మనిషి చేతి తప్పు మాత్రం మళ్లీ జరిగింది. బయటి దిమ్మెల మధ్య పాతకాలం నుంచీ ఇనుప కడ్డీలు ఉండేవి. చూడ్డానికి బాగోలేవని 1960లలో కొన్నిటిని తీసేశారు. ఇంగ్లిష్ చానల్ వైపు నుంచి వచ్చే ఈదురుగాలికి దిమ్మెలు ఊగడం మొదలైంది. మళ్లీ ఉక్కు కడ్డీలు బిగించాల్సి వచ్చింది. అందానికి అడ్డమనుకున్న ఆ ఇనుము, రాయితో పాటే గుడిని మోస్తోందని ముందే గుర్తించాల్సింది. ఆ తర్వాతే లోపలికి కర్ర ఊతాలు వచ్చాయి. 2001లో కొలంబియా యూనివర్సిటీ బృందం గుడినంతా లేజర్‌తో కొలిచింది, ఏ స్తంభం ఎటు ఒరిగిందో తెలుసుకోవడానికి.